దయకు రూపముతో నేమి పని?

ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవు అడవిదారిలో, వేసవి ప్రొద్దున, రాలిన టేకుటాకులపై గరగరమను చప్పుడు వినవచ్చును. ఒక్కొకప్పుడది ఉడుము. దానిని చూచిన బాటసారికి రెండు తలంపులే పుట్టును: పారిపోవలెనని గాని, కొట్టవలెనని గాని. చిలుకను ముద్దాడు చేయి, కుక్కపిల్లను నిమురు చేయి, ఉడుమును చూడగానే కర్రకై చాచుట యేల? మనము దయ యనుకొనుచున్నది ప్రాణిపై గల దయయా, మన పోలికపై గల మక్కువయా?

ఉడుమునకు మనలను మెప్పించు విద్య యేదియు లేదు. తోక నాడించి స్వాగత మీయదు, పిలిచిన పలుకదు. తోకతో కలిపి అయిదడుగులకు మించి పెరుగునవియు గలవు. నాలుక పామునాలుకవలె రెండుగా చీలియుండుటచే విషజంతువని భయపడువారు పెక్కురు. ఆ నాలుక గాలిలోని వాసనను గ్రహించి అంగిటనున్న యొక యవయవమున కందించును. దాని పని యంతియే. తన యొడలిని తాను వెచ్చచేసికొనలేదు గనుక తెల్లవారగానే యెండలో పరుండి, కాక పుట్టిన పిదపనే వేటకు బయలుదేరును. పేడపురుగులు, తేళ్లు, నత్తలు, పీతలు, కప్పలు, ఎలుకలు, పక్షిగ్రుడ్లు దాని యాహారము. ఆడుది గుంట త్రవ్వి, ఇరువది వరకు గ్రుడ్లు పెట్టి, మన్ను కప్పును. దొంగలను మోసపుచ్చుటకు ప్రక్కనే వట్టి గుంటలు కూడ త్రవ్వుట కలదు! తరువాత నెలల తరబడి వానిని పొదుగునది నేలయే. పిల్లలు వెలికి వచ్చి, చెట్లెక్కి, తమ బ్రదుకు తాము బ్రదుకును. తల్లిప్రేమనే యెరుగని జీవము మన ప్రేమకై కాచుకొని యుండునా?

అయినను బల్లిజాతిని పెంచు వేడుక నేడు నగరములకు వచ్చినది. ఆస్ట్రేలియా యెడారులలో పుట్టిన, గడ్డమువంటి ముళ్లు గల తొండలను గాజుపెట్టెలో నుంచి, దీపపు వేడి చూపి సాకుచున్నారు. చేతిపై కదలక కూర్చున్నదని దానికి ప్రేమ నంటగట్టుదురు. అది వెచ్చదనమునకై కూర్చున్నదేమో!

మన యుడుమును పెంచుటయే నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున అది మొదటి షెడ్యూలులో చేరినది. చంపినను, పట్టినను, అమ్మినను, ఇంట దాచినను మూడేండ్లకు తక్కువ గాని, ఏడేండ్ల వరకు పెరుగగల కారాగారశిక్ష కలదు; 2022 నాటి సవరణచే జరిమానా 25,000 రూపాయలకు తగ్గరాదు. కాని చట్టము పేరు చెప్పగానే మన కన్నులు అడవియంచు గూడెములవైపే తిరుగును. కొనువాని మాట యేమి?

సంగీతసభలలోని కంజీరకు ఉడుముతోలు మూయుట చిరకాలపు ఆచారము. ఇప్పుడు మేకతోలుతోను, కృత్రిమపు పొరతోను చేయుచున్నారు. నాదము తగ్గినదని కొందరు రసికులు సణుగుదురు. తగ్గనిండు.

అంతకంటె సిగ్గుచేటైనది వేరొకటి యున్నది. జోడించిన చేతులవలె నుండు ‘హత్థాజోడి’ యను వేరు ధనలాభము నిచ్చునని చెప్పి అమ్ముచుండిరి. ఇంటర్నెట్టు అంగళ్లలోను అది దొరకెను. 2017లో పరిశోధకులు పరీక్షించి, అది వేరు కాదనియు, మగ యుడుము జననేంద్రియము నెండబెట్టినదనియు వెల్లడించిరి. దానిని కొన్నవాడు అడవి మొగము చూచినవాడు కాడు. చదువుకొన్నవాడు, పండుగనాడు మాంసము ముట్టనివాడు, కూతురికి అహింసను గూర్చి పాఠము చెప్పువాడు. దానికి కుంకుమ పూసి, ధూపము వేసి, పూజగదిలో దాచుకొనువాడు.

కోయగూడెములో కూటికి లేక ఉడుమును పట్టినవానికిని, లాటరీలో గెలుపు కోరి హత్థాజోడి కొన్నవానికిని చట్టము పెట్టు పేరు ఒక్కటియే. చట్టమునకు వేరు దారి లేదు, ఒప్పుకొందును. కాని తెలిసిన పిదప కూడ గూడెమువానిని అనాగరికుడనుచు, తన భరిణెను మాత్రము తెరచి చూడని గృహస్థుని ఏ పేర పిలువవలెనో నాకు తోచకున్నది.