పగ్గమును సడలనీయరాదు

కఠోపనిషత్తు శరీరమును రథముగను, జీవుని రథికునిగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను నిరూపించినది. గుఱ్ఱపుబండ్లు అరుదైన ఈ కాలమున పగ్గము సంగతి పిల్లలకు తెలియుట కష్టము. కావున కడప సీమ దారులకు తగిన దృష్టాంతము నొకదానిని చూతము.

ప్రొద్దుటూరులోని ఒక గృహస్థుడు వైశాఖమాసమున వృద్ధమాతతో పాత కారులో బయలుదేరినాడు. జమ్మలమడుగులో నారాపుర వేంకటేశ్వరస్వామిని సేవించి, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, ఆనాడే శ్రీరంగనాథుని దర్శింపవలెనని ఆ తల్లి కోరిక. ఎండ మండుచున్నది. ఏ.సి. మీట నొక్కినంతనే కీచుమని అరుపు. వచ్చు గాలియో వెచ్చన. మీట ఆపగా అరుపు ఆగినది. కుమారునకు ఊరట కలిగెను గాని, తల్లి మాత్రము చెమటలో తడిసి సొమ్మసిల్లుచుండెను.

జమ్మలమడుగు చేరగానే మెకానిక్కును పిలిచి, “బెల్టుకు కాస్త సబ్బు రాయవయ్యా, అరుపు ఆగితే చాలు” అనినాడు.

“సబ్బు రాస్తే అరుపు ఆగుతాది సార్, జారేది ఆగదు. పెద్దామెతో పోతాండారు, దారిలో తెగితే ఏం చేస్తారు?”

“అయితే గట్టిగా బిగించు.”

“మరీ బిగిస్తే బేరింగులు పోతాయి సార్.”

అతడు ఇంజను ఆపి బెల్టును పరీక్షించెను. అది జారి జారి, వేడికి నున్నబడి, అంచులు చీలియుండెను. క్రొత్త బెల్టు తెప్పించి, కప్పీలు ఒక వరుసలో నున్నవో లేవో చూచి, తగుమాత్రము బిగించెను. ఆలస్యమైనది. పులివెందుల చేరునప్పటికి కోవెల తలుపులు మూసియున్నవి. కుమారుడు చిన్నబోగా, “స్వామి రేపు తెల్లవారినా ఇక్కడే ఉంటాడు నాయనా” అని తల్లి నవ్వినది. మరునాటి ఉదయము దర్శనమైనది.

ఇందలి పరమార్థమును విచారింతము. ఇంజను శక్తికి లోపము లేదు. చల్లదనమునకు కారణమైన కంప్రెసరును బెల్టు సరిగా త్రిప్పలేదు, అంతియే. భగవంతుని దయకును ఎన్నడు లోపము లేదు. మనస్సు జారుటచే అది మన హృదయమున శాంతిగా పరిణమింపదు. ఇంటిలో నిత్యము దీపారాధన జరుగుచున్నను కలహము చల్లారకున్నచో, జారుచున్న దెచ్చటనో చూచుకొనవలెను.

అంతరాత్మ పెట్టు కీచుమను ధ్వని హెచ్చరిక. తల్లిదండ్రులను నొప్పించి, తోడబుట్టినవాని భాగమును హరించి, హుండీలో కానుక వేసి ఆ ధ్వనిని మాన్పజూచుట సబ్బు రాయుట వంటిది. దేహము ఓర్వని ఉపవాసములు చేయుచు ఇంటివారిపై విసుగుకొనుట అతిగా బిగించుట వంటిది. ఆహార విహారములు మితముగా నున్నవానికే యోగము దుఃఖమును హరించునని గీతలోని ఆరవ అధ్యాయము బోధించుచున్నది. పట్టు లేక పెదవులతో మాత్రమే సాగు పారాయణము నున్నబడిన బెల్టు వంటిది. దానిని బిగించి ప్రయోజనము లేదు; క్రొత్త శ్రద్ధ కావలెను.

చంచలమైన మనస్సును అభ్యాస వైరాగ్యములచే నిలుపవచ్చునని భగవానుడు అర్జునునకు అభయ మిచ్చినాడు. యాత్రకు బయలుదేరు భక్తులు ముందుగా బండి బెల్టును చూపించుకొందురు గాక. ఆ దినముననే, నొచ్చిన మనస్సు ఇంటిలో ఎవరిదైన నున్నచో దానిని ఓదార్చి, ఆ పిమ్మట గడప దాటుదురు గాక. అట్టివారికి స్వామి దర్శనము ఒకపూట ఆలస్యమైనను ఫలము తరుగదు.