ఆట వస్తువులు - తల్లిదండ్రుల బాధ్యత

పిల్లల ఆటను కొందరు వృథా కాలక్షేపంగా భావిస్తారు. మరికొందరు బిడ్డ ఏడుపు ఆగితే చాలని చేతికందిన ఆట వస్తువు కొనిచ్చి ఊరుకుంటారు. ఈ రెండు వైఖరులూ ఇస్లాం బోధించిన మధ్యేమార్గానికి దూరమైనవే.

దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరాను పరిశీలించండి. తమ్ముణ్ణి తమతో పంపితే హాయిగా తిని ఆడుకుంటాడని అన్నలు తండ్రిని కోరారు. వారి మనసులో ఉన్నది కుట్ర. అయినా హజ్రత్ యాఖూబ్ (అలై) ఆట తగదని అనలేదు. వారు ఏమరుపాటుగా ఉన్న వేళ తోడేలు తినేస్తుందేమోనని భయపడ్డారు (12:12, 13). ఆటను కాదనకుండా, అందులో పొంచి ఉన్న అపాయాన్ని గమనించడమే పెద్దల బాధ్యత అని దీన్నిబట్టి మనకు బోధపడుతుంది.

మరి బొమ్మల సంగతేమిటి? ప్రాణుల రూపాల గురించి హదీసుల్లో గట్టి హెచ్చరికలున్నాయి. అయితే హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారనీ, ఆమె స్నేహితురాళ్లను దైవప్రవక్త (స) స్వయంగా ఆమె దగ్గరకు పంపేవారనీ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆమె బొమ్మల్లో రెక్కల గుర్రాన్ని గురించి విని ఆయన నవ్వారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. అందుకే చాలామంది ధర్మవేత్తలు పిల్లల బొమ్మలకు మినహాయింపు ఉందన్నారు. కొందరు అంగీకరించలేదు. సందేహం ఉన్నవారు ప్రాణి రూపం లేనివి ఎంచుకోవచ్చు, వాటికి కొదవ లేదు.

మన నిర్మల్‌నే తీసుకోండి. 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ పట్టణంలో నకాషీ కళాకారులు తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలను అతికి, రంగులు వేస్తారు. జంతువులు, పక్షులతోపాటు పండ్లు, కూరగాయలు కూడా చేస్తారు. ఈ హస్తకళకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది.

చెక్క వంకాయలు, మామిడిపండ్లు దొరికితే బిడ్డ దుకాణం పెడుతుంది, తూకం వేస్తుంది, బేరమాడుతుంది. తూకంలో మోసం చేయరాదన్న ఖుర్‌ఆన్ బోధనను తల్లి అక్కడే నేర్పవచ్చు. మీట నొక్కగానే తానే పాడి, తానే గెంతే బొమ్మ ముందు బిడ్డ చూస్తూ కూర్చుంటుంది. కనుక కొనేముందు ధర ఒక్కటే చూడకండి. ఆడేది వస్తువా, బిడ్డా అని ఆలోచించండి.

భద్రత విషయానికి వస్తే, మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల ఆట వస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు గల వస్తువుల తయారీదారులకు మినహాయింపు ఇచ్చారు. చేతివృత్తివారికి ఇది మేలే. కాని గుర్తు లేనిచోట విచారించే బాధ్యత మనపై పడుతుంది. ఏ రంగు వేశారు? నోట్లో పెట్టుకుంటే ఊడుతుందా? గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలున్నాయా? అలమారలో అలంకరణకు చేసిన బొమ్మను పసిబిడ్డ చేతికి ఇవ్వకూడదు. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం పాపమని అమ్మేవారూ మరువరాదు.

హాని ఒంటికే కాదు, నడవడికి కూడా కలుగుతుంది. కరీంనగర్ పల్లెల్లో పిల్లలాడిన చిర్రగోనెకు రెండు కట్టె ముక్కలు చాలు. పైసా ఖర్చు లేకుండా కంటికి, చేతికి మంచి సాధన. గోటీలాట కూడా మంచిదే. కాని ఓడినవాడి గోటీలు గెలిచినవాడు ఉంచుకుంటే అది జూదపు వాసన. ఆట ముగిశాక ఎవరివి వారికి ఇప్పించండి. ఈ చిన్న అలవాటు లేనివాడికి రేపు ఫోనులో డబ్బు పందెం తప్పుగా తోచదు.

మనలో ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతారనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. మన బిడ్డల ఆటపాటలు కూడా ఆ లెక్కలోనివే. వారి సంతోషాన్ని, క్షేమాన్ని రెంటినీ కాపాడే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.