రిమూవ్ చేస్తే పోయినట్టేనా?



కార్తీకమాసంలో నెల రోజులు నాన్‌వెజ్ మానేస్తాం. కానీ 20వ రోజు నుంచే పోలి పాడ్యమి ఎప్పుడా అని క్యాలెండర్ చూస్తుంటాం. మానేశాం, నిజమే. మనసు మానలేదు. మరి ఇది నియమమా, నటనా? పోయిన వీడియోలో ఈ ప్రశ్నని పైపైన తాకి వదిలేశాం. నాకు దీనికి దగ్గరి పోలిక లినక్స్‌లో కనిపించింది.

ఉబుంటులో కెర్నల్ అప్‌డేట్ వస్తే, కొత్తది పాతదాన్ని చెరిపేయదు. పక్కన వేరే ప్యాకేజీగా కూర్చుంటుంది. కొత్తది మొరాయిస్తే గ్రబ్ మెనూలోంచి పాతదానితో సిస్టమ్ లేపుకోవచ్చని ఈ ఏర్పాటు. మంచిదే. కానీ డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లకి మామూలుగా బూట్ పార్టిషన్ విడిగా, చిన్నగా ఉంటుంది. పాతవి పేరుకుపోతే అది నిండిపోతుంది, కొత్త అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది. అంటే భద్రత కోసం దాచుకున్నవే సెక్యూరిటీ అప్‌డేట్‌కి అడ్డం పడతాయన్నమాట!

అప్పుడు ఆటోరిమూవ్ కొడతాం. అది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌ని, సరికొత్తదాన్ని ముట్టుకోదు, అక్కర్లేని పాతవి తీసేస్తుంది. జాగా ఖాళీ అవుతుంది. అయితే ఆ తర్వాత డీపీకేజీ లిస్ట్ తీసి చూడండి. తీసేసిన కెర్నళ్ల పేర్లు ఇంకా కనిపించొచ్చు, ముందు ఆర్‌సీ అని రెండక్షరాలతో. ప్యాకేజీ పోయింది, దాని కాన్ఫిగ్ ఫైళ్లు మిగిలాయి అని దానర్థం. అవి కూడా పోవాలంటే పర్జ్ చెయ్యాలి. రిమూవ్ వేరు, పర్జ్ వేరు.

గీత రెండో అధ్యాయం 59వ శ్లోకం సరిగ్గా ఈ తేడానే చెప్తుంది. ఆహారం మానినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి కానీ వాటి మీద రుచి ఉండిపోతుంది, పరతత్త్వాన్ని చూశాక ఆ రుచి కూడా పోతుంది అని. ఎక్స్ నంబర్ డిలీట్ చేసి, ఇన్‌స్టాలో బ్లాక్ చేసినా, ఆ పేరు ఎవరైనా అంటే ఉలిక్కిపడే మనసు ఉంది చూశారా, అదే ఆర్‌సీ.

ఇక్కడ పోలిక తెగిపోతుంది. కంప్యూటర్‌లో పర్జ్ కమాండ్ మన చేతిలోనే ఉంది. రుచి అలా కాదు. ‘ఈరోజు నుంచి నాకు ఆశ ఉండకూడదు’ అని మనకి మనం ఆర్డర్ వేసుకుంటే పోయేది కాదది.

అయితే మూడో అధ్యాయం 6వ శ్లోకం సంగతేంటి అని గీత చదివినవాళ్లు అడుగుతారు. ఇంద్రియాల్ని బిగబట్టి మనసులో విషయాల్నే తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి కృష్ణుడు మిథ్యాచారి అన్నాడు కదా? అన్నాడు. ఆ మాట విని చాలామంది ‘ఎలాగూ మనసు ఆగట్లేదు, ఇంక ఉపవాసం ఎందుకు’ అని మొత్తం వదిలేస్తారు. నాకది తొందరపాటు అనిపిస్తుంది. ఆ శ్లోకంలో ‘కూర్చోవడం’ అనే మాట ఉంది, దాన్ని దాటి వెళ్లిపోతాం. వెంటనే 7వ శ్లోకంలో ఆయన మెచ్చుకున్నది, ఇంద్రియాల్ని మనసుతో అదుపులో పెట్టి, ఆసక్తి లేకుండా కర్మయోగంలో దిగినవాణ్ణి.

ఆర్‌సీ లైన్లు మిగిలాయని రిమూవ్ అబద్ధం అయిపోదు. ఆ కాన్ఫిగ్ ఫైళ్లు తినే జాగా ఎంతని? కెర్నల్, దాని ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ తినేదాంతో పోలిస్తే లెక్కలోకి రాదు. బూట్‌లో ఖాళీ నిజంగానే వచ్చింది. అసలు అడగాల్సింది ఆ ఖాళీలోకి అప్‌డేట్ వేశామా లేదా అని. రీల్స్ మానేసి మిగిలిన గంటని రీల్స్ గురించే ఆలోచిస్తూ గడిపితే అది 6వ శ్లోకం. అదే గంట అమ్మకి ఫోన్ చేసో, పది నిమిషాలు జపం చేసో, పెండింగ్‌లో ఉన్న పని పూర్తి చేసో గడిపితే, మధ్యలో చెయ్యి నాలుగుసార్లు ఫోన్ వైపు పోయినా సరే, అది నటన కాదు.

శ్రీకృష్ణార్పణమస్తు.