హద్దు దాటిన అంకె

లినక్స్ కెర్నెల్‌లో మనం మార్చుకోదగ్గ సెట్టింగులు వందల కొద్దీ ఉన్నాయి. వాటిలో చాలావరకు అంకెలే. చాలా అంకెలకు కింద ఒక హద్దు, పైన ఒక హద్దు. ఎవరైనా ఆ హద్దు దాటితే యంత్రం ఏం చేయాలి? పైకి ఇది సర్వర్లు చూసుకునేవాళ్ల గొడవ. నాకు మాత్రం తెలిసినవాడు తెలియనివాడితో ఎలా మాట్లాడాలన్న ప్రశ్నగానే తోస్తుంది.

మెమరీలో ఉన్నదాన్ని స్వాప్ అనే పక్క నిల్వలోకి నెట్టడానికి కెర్నెల్ ఎంత మొగ్గు చూపాలో చెప్పే అంకె స్వాపీనెస్. దానికి 300 ఇచ్చి చూడండి. ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అంటూ కెర్నెల్ తిప్పికొడుతుంది. ఎంతవరకు చెల్లుతుందో చెప్పదు, ఎందుకు చెల్లదో అసలే చెప్పదు. మాట కటువే అయినా అందులో నిజాయితీ ఉంది. మనం రాసింది చెల్లలేదని వెంటనే తెలిసిపోతుంది.

నన్ను కలవరపెట్టేది కెర్నెల్‌కున్న ఇంకో అలవాటు. రెడిస్ అనే డేటాబేస్ మొదలవుతూనే, రాబోయే కనెక్షన్ల వరుసకు 511 చోట్లు అడుగుతుంది. ఆ వరుసకు పైహద్దు పెట్టే సోమాక్స్‌కాన్ సెట్టింగు 128గా ఉంటే కెర్నెల్ చడీచప్పుడూ లేకుండా దాన్ని 128కి కుదించేస్తుంది. ఎర్రర్ రాదు. 2019లో 5.4 వెర్షన్ వచ్చేదాకా డీఫాల్ట్ ఆ 128యే. రద్దీ పెరిగి కనెక్షన్లు జారిపోతున్న రోజున కారణం వెతికేవాడికి దీని జాడ ఓ పట్టాన దొరకదు. కాదు పొమ్మనడం కంటే, సరేనని తలూపి తన లెక్కే నడుపుకోవడం ఎక్కువ కీడు చేస్తుంది. ఆ లోటును రెడిస్సే పూడుస్తుంది: తాను అడిగిందెంత, దక్కుతున్నదెంత, ఏ సెట్టింగు అడ్డొచ్చిందో పేరుతో సహా లాగ్‌లో రాసి, తన పని మొదలుపెడుతుంది.

ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకేసింది. ఒక ప్రోగ్రాముకు ఎన్ని మెమరీ మ్యాపులు ఉండొచ్చో చెప్పే మ్యాక్స్ మ్యాప్ కౌంట్ దానికి కనీసం 262144 కావాలి. లినక్స్ కెర్నెల్ డీఫాల్ట్ 65530. డెవలపర్ తన కంప్యూటర్‌లో తనకోసమే నడుపుకుంటుంటే హెచ్చరించి ఊరుకుంటుంది. వేరే యంత్రాలతో కలిసి పనిచేసేలా అమరిస్తే మాత్రం మొరాయిస్తుంది, మొదలుకాదు. అంకె అదే, కొరత అదే. నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నదొక్కటే మారింది. నా నష్టం నాదే అయినప్పుడు నాకు చెప్పి వదిలేస్తే చాలు. అది పదిమందికీ పాకేదైతే చెప్పడం సరిపోదు, అడ్డుపడాల్సిందే.

అయితే హద్దులూ శాశ్వతం కావు. స్వాపీనెస్ గరిష్ఠ పరిమితి ఒకప్పుడు 100. మెమరీలోనే కుదించి దాచుకునే వేగవంతమైన స్వాప్ వాడకంలోకి వచ్చాక, 2020లో వచ్చిన 5.8 వెర్షన్ దాన్ని 200 చేసింది. నిన్న తిప్పికొట్టిన 150ని ఇవాళ్టి కెర్నెల్ మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. హెచ్చరికలో ఆ లోకువ పోవాలంటే హద్దుతోపాటు దాని కారణమూ చెప్పాలి. కారణం తెలిసినవాడు, అది చెల్లకుండా పోయిన రోజున హద్దును తానే ప్రశ్నించగలడు.