మాటకందని జ్ఞానం, చెప్పని ధర

మాటల్లో పెట్టలేని జ్ఞానం ప్రమాణమవుతుందా అన్న ప్రశ్నకు సుమారు 5వ శతాబ్దంలోనే వ్యాకరణ తాత్త్వికుడు భర్తృహరి వర్తకుల ఉదాహరణతో జవాబిచ్చాడు. రత్నాల, నాణేల మంచిచెడ్డలు తెలుసుకునే నేర్పు అభ్యాసంతోనే వస్తుందని, అది ఇతరులకు చెప్పనలవి కాదని, అనుమాన ప్రమాణం (గుర్తును బట్టి ఊహించి తేల్చడం) కిందికి రాదని ‘వాక్యపదీయం’ మొదటి కాండంలో ఆయన వాదం. పొగను చూసి నిప్పుందన్నవాడు కారణం చెప్పగలడు. రాయిని చూసి ధర కట్టినవాడు చెప్పలేడు. అయినా అతని కంటిని నమ్మే వరహాలు చేతులు మారేవి. వ్యాపార నిర్వహణ గ్రంథాలు ఈ విషయాన్ని అందుకున్నది 20వ శతాబ్దంలో, తత్త్వవేత్త మైకేల్ పొలానీ రచనల తర్వాతే.

ఈ నేర్పు ఒకరి నుంచి ఒకరికి ఎలా అందేదో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. ఆయన చూసిన గని కర్నూలుకు దక్షిణాన ఉన్న రామళ్లకోటేనని కొందరు పండితులు గుర్తించారు. ఊరి నడుమ చెట్టు కింద పది నుంచి పదహారేళ్ల వర్తకుల పిల్లలు కూర్చునేవారు. ఒక పక్క తూకపు రాళ్ల సంచి, మరో పక్క వరహాల సంచి. ఎవరైనా వజ్రం తెస్తే అందరిలోకీ పెద్దవాడు చూసి పక్కవాడికిచ్చేవాడు. అలా చేతులు మారి మళ్లీ అతని దగ్గరికి వచ్చేదాకా ఎవరూ నోరు మెదిపేవారు కాదు. ఎక్కువ పెట్టి కొంటే నష్టం కొన్నవాడిదే. సాయంత్రం రాళ్లన్నీ ముందేసుకుని నీరు (మెరుపు), బరువు, స్వచ్ఛత చూసి వేరుచేసేవారు. లాభం అందరూ పంచుకునేవారు. భర్తృహరి చెప్పిన అభ్యాసమంటే ఇదే: పదిమంది కళ్ల ముందు, సొంత సొమ్ము పెట్టి నేర్చుకునేది.

అదే గని దగ్గర మరో మౌనం కూడా ఉండేది. కొనేవాడూ అమ్మేవాడూ గుడ్డ కింద చేతులు కలిపి బేరమాడేవారు. చేయంతా పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలయితే నూరు. పక్కన కూర్చున్నవాడికి కూడా ధర తెలిసేది కాదు. ఇక్కడ దాచింది జ్ఞానం కాదు, లెక్క. నోటితో చెప్పగలిగిందే కావాలని చెప్పలేదు. ఈ రెండు మౌనాలనూ ఒకే గాటన కట్టడం తప్పు. నిర్ణయానికి కారణమడిగితే ‘అనుభవం’ అని ఊరుకునే కంపెనీ అధిపతి ఏ మౌనం పాటిస్తున్నాడో అడిగే హక్కు కింద పనిచేసేవారికి ఉంటుంది.

తొలకరి పడగానే అదే కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో ఇప్పటికీ కూలీలు, రైతులు వజ్రాలు వెతుకుతారు. దొరికిన రాయికి ధర కట్టేది వ్యాపారి కన్నే. ఆ చూపును మాటల్లో పెట్టమని అతణ్ణి అడగలేం. కానీ బరువెంత, రంగేమిటి, లోపమెక్కడ అన్నవి చెప్పగలిగినవే. వాటిని రాయి దొరికిన కూలీకి చెప్పాకే వ్యాపారి ధర పలకాలి.