మనస్సులోని లెక్క పుస్తకము

ప్రియ చదువరీ, రాత్రి దీపమార్పి పండుకొనిన తరువాత నీ మనస్సు ఎక్కడికి పోవుచున్నది? ప్రార్థన ముగించితివి, కన్నులు మూసికొంటివి. అయినను గట్టు తగవులో పొరుగువాడు పలికిన మాట, పెండ్లిలో తోడికోడలు చేసిన అవమానము ఒకటొకటిగా లేచివచ్చును. చదువు రానివారు సహితము తప్పులేకుండ వ్రాసికొను లెక్క ఇదే.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము 8వ వచనములో, సత్యము, న్యాయము, పవిత్రత మొదలైన వాటిమీద మనస్సు నిలుపుమని బోధించెను. అచ్చట గ్రీకు మూలములో ఉన్న క్రియకు లెక్కించుట అని అర్థము. వర్తకుడు తన సొమ్మును లెక్కించునట్లు మీరు మంచిని లెక్కించుడని ఆయన భావము. 1 కొరింథీయులకు 13వ అధ్యాయములో ప్రేమ అపకారమును లెక్కలో పెట్టుకొనదని చెప్పునప్పుడును ఇదే క్రియను వాడెను. ఒకటి వ్రాసికొనుమనెను, మరియొకటి వ్రాసికొనవద్దనెను.

ఆయన ఇది సుఖాసీనుడై వ్రాయలేదు, బంధకములలో ఉండి వ్రాసెను. ఆ ఫిలిప్పీలోనే ఆయనయు సీలయు బెత్తములతో కొట్టబడిరి, కాళ్లకు బొండ వేయబడిరి. అయినను ఆ పట్టణస్థులమీద ఆయన మోసిన లెక్క ఆ పత్రికలో ఎక్కడను కనబడదు.

నా సంగతి చెప్పెదను. నేను క్రొత్తగా ఒక పల్లె సంఘమునకు కాపరిగా వెళ్లిన దినములలో, ఒక పెద్ద ఆరాధన ముగిసిన వెంటనే అందరియెదుట లేచి, “అయ్యగారూ, కోతపండుగ సొమ్ము లెక్క చదవండి” అనెను. నేను దొంగను కాను. గాని లెక్క వ్రాయుటలో అశ్రద్ధ చేసితిని. సిగ్గు కోపముగా మారెను. సంఘపు సొమ్మునకు లెక్క వ్రాయని నేను, ఆయన మాటకు మాత్రము దినదినము లెక్క వ్రాసితిని. రెండు నెలలు ఆయన యింటి గడప త్రొక్కలేదు.

ఒక శనివారము రాత్రి ఈ వచనముమీదనే ప్రసంగము సిద్ధపరచుచుండగా కలము సాగలేదు. కాగితము ప్రక్కనుపెట్టి, ఆయనలోని మంచిని తలంచుకొంటిని. వానకాలములో మా బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు అర్ధరాత్రి బండి కట్టి, బురదలో మమ్మును ఆసుపత్రికి చేర్చినవాడు ఆయనే. ఇంకను తలంచగా, ఆ కోతపండుగ సొమ్ములో పేద విధవరాండ్రు గుప్పెడు గుప్పెడుగా కూడబెట్టిన బియ్యపు సొమ్మున్నదని జ్ఞాపకము వచ్చెను. ఆయన అడిగినది వారి పక్షముగానే! ఆయన తప్పని నేను వ్రాసికొనినది ఆయన న్యాయబుద్ధియే. మరునాడు లెక్క చదివి, సంఘమును క్షమాపణ అడిగితిని. ఆయన వచ్చి, “నేనును కొంచెము మెల్లగా అడుగవలసినది” అని నా చేయి పట్టుకొనెను.

అయితే ఇతరుల కీడును చూచియు చూడనట్లు ఉండవలెనా? కాదు. పౌలు చెప్పిన వరుసలో మొదటిది సత్యము. త్రాగి ఇల్లు గుల్లచేయువానిని మంచివాడనుట సత్యము కాదు. అదే అధ్యాయములో ఆయన యువొదియ, సుంటుకే అను స్త్రీల భేదమును దాచలేదు, పేర్లు పెట్టి వ్రాసెను. కాని వారు సువార్త పనిలో తనతోకూడ ప్రయాసపడిరనియు వెంటనే వ్రాసెను. తప్పును ఒక్కమారు చెప్పి సరిదిద్దుట వేరు, ప్రతిరాత్రి దానికి వడ్డీ కట్టుట వేరు.

చదువరీ, ఈ రాత్రి నీకు మింగుడుపడని ఒక మనుష్యుని తలంచుకొనుము. అతడు నీ సంఘస్థుడైనను, అన్యమతస్థుడైనను సరే. అతనియందు నిజముగా ఉన్న ఒక మంచిని దేవునియెదుట పేరుపెట్టి చెప్పుము. మొదట నాలుకకు బరువుగా ఉండును. అయినను చెప్పుము. క్రీస్తునందు దేవుడు మన అపరాధములను మన లెక్కలో వ్రాయలేదు. ఆయన కొట్టివేసిన పుస్తకము గల మనము, పొరుగువాని పుస్తకమును తలక్రింద పెట్టుకొని ఎట్లు నిద్రింపగలము?