సాక్ష్యమూ, అనుమానమూ

ఒక పసిబిడ్డను ఎవరో ఎత్తుకుపోయారు. ప్రభుత్వం టెలివిజన్‌లో ఒక ముఖాన్ని చూపించి, లేదా ఒక గొంతును వినిపించి, ఇతన్ని మీలో ఎవరైనా ఎరిగితే వెంటనే పోలీసులకు తెలపండి అని కోరుతుంది. ఈ విజ్ఞప్తి విన్న పౌరుని కర్తవ్యం ఏమిటి?

ప్రశ్న తేలికగానే కనిపిస్తుంది. ఎరిగితే చెప్పాలి, ఎరగకపోతే ఊరుకోవాలి, అంతే కదా అనిపిస్తుంది. కాని ఇటువంటి విజ్ఞప్తులకు జవాబుగా రెండు రకాల మనుషులు ముందుకు వస్తారు. తమకు తెలిసినది చెప్పేవాళ్ళు కొందరు. తమకు గిట్టనివాళ్ళ వైపు వేలు చూపేవాళ్ళు మరికొందరు. పైకి చూస్తే ఈ ఇద్దరూ చేసే పని ఒకటే, పోలీసులకు ఒక పేరు చెప్పడం. నీతి దృష్టితో చూస్తే ఇవి రెండూ ఒకటి కావు. మొదటిది సాక్ష్యం, రెండోది అనుమానం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే మనం విచారించవలసిన విషయం.

ముందుగా మన మధ్యనే తరచు వినిపించే ఒక అభిప్రాయాన్ని పరిశీలించాలి. పోలీసు యంత్రాంగం పాలకవర్గం చేతిలో పనిముట్టు గనుక దానికి సమాచారం అందించడం వేగులవాని పని అని కొందరు అంటారు. ఈ వాదం కొత్తది కాదు. పశ్చిమ జర్మనీలో 1967 అక్టోబరు 20న ఎడువర్డ్ జిమ్మర్‌మన్ అనే పాత్రికేయుడు జెడ్.డి.ఎఫ్. టెలివిజన్‌లో ఒక కార్యక్రమం ప్రారంభించాడు. తేలని నేరాలను నటుల చేత ఆడించి చూపించి, ప్రేక్షకులను ఆచూకీ చెప్పమని కోరడం దాని పద్ధతి. ఇది పౌరులందరినీ వేగులవాళ్ళుగా మారుస్తుందని అప్పట్లోనే విమర్శకులు అన్నారు. ఆ భయం ఊహలోంచి పుట్టినది కాదు. పొరుగువాళ్ళు పొరుగువాళ్ళను గెస్టపోకు పట్టిచ్చిన దేశమది. నాజీ రాజ్యం కూలి అప్పటికి 22 ఏళ్ళే అయింది.

ఈ భయాన్ని గౌరవించాలి. కాని భయం వేరు, సిద్ధాంతం వేరు. ధనికుని బిడ్డకు గేటు దగ్గర కాపలావాడుంటాడు, వెంట ఆయా ఉంటుంది, డబ్బు పెట్టి వెతికించే స్తోమతు తండ్రికుంటుంది. ఇటుకబట్టీ పక్కన గుడిసెలో ఆడుకునే బిడ్డకు కాపలా ఎవరు? పొరుగువాడి కళ్ళే. ఆ బిడ్డ కనబడకుండా పోయిన రోజున చూసినవాడు చూసినది చెప్పకపోతే, ఆ మౌనం పాలకవర్గాన్ని దెబ్బతీయదు, ఆ తల్లిని దెబ్బతీస్తుంది. ఇక్కడ మౌనానికి తటస్థత అనే గౌరవం లేదు. కాబట్టి చెప్పవచ్చునా కూడదా అన్నది ప్రశ్న కాదు. ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్నదే ప్రశ్న.

దీనికి జపాన్‌లో 1963లో జరిగిన రెండు సంఘటనలు మంచి పాఠం చెబుతాయి.

ఆ సంవత్సరం మార్చి 31న టోక్యో నగరంలో నాలుగేళ్ళ బాలుణ్ణి ఒక పార్కు నుండి ఎవరో ఎత్తుకుపోయారు. 5 లక్షల యెన్‌లు ఇవ్వమని ఫోన్లు వచ్చాయి. పోలీసులు కాపువేసి ఉండగానే దుండగుడు సొమ్ము తీసుకుని తప్పించుకున్నాడు. ఫోనులో మాట్లాడిన గొంతు మాత్రం టేపు మీద మిగిలింది. ఏప్రిల్ 25న ఆ గొంతును రేడియోలోనూ, టెలివిజన్‌లోనూ దేశమంతటికీ వినిపించారు. ఆ యాస ఈశాన్య ప్రాంతానిదని భాషా పండితులు గుర్తించారు.

ఈశాన్య ప్రాంతం ఆ రోజుల్లో బీదది. అక్కడి పల్లెల నుండి టోక్యోకు పనుల కోసం వచ్చినవాళ్ళు వేలాది మంది. ఆ యాస వాళ్ళందరి యాసా. యాసను బట్టి అనుమానించదలిస్తే వాళ్ళలో ప్రతి కార్మికుడూ దొంగే. కాని ఆ గొంతు గల మనిషిని స్వయంగా ఎరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఇది ఫలానావాని గొంతులా ఉందని వాళ్ళు చెప్పారు. అలా ఫుకుషిమా ప్రాంతం నుండి వచ్చిన ఒక గడియారాల మరమ్మతుదారు పేరు పోలీసులకు అందింది. అతన్ని ప్రశ్నించారు, వదిలిపెట్టారు. కేసు తేలింది 1965లో. ఎలా తేలింది? నేరం జరిగిన రోజుల్లో తాను సొంత ఊళ్ళో ఉన్నానని అతను చెప్పుకున్నాడు. కాని 1963 ఏప్రిల్ 2న టోక్యోలోని నిప్పోరిలో జరిగిన పెద్ద అగ్నిప్రమాదాన్ని తాను రైలులోంచి చూశానని మాటల సందర్భంలో నోరు జారాడు. ఊళ్ళో ఉన్నవాడు టోక్యో మంటలను ఎలా చూస్తాడు? ఆ ఒక్క వైరుధ్యం దగ్గర అతని కథ కూలింది. బాలుడు అంతకు రెండేళ్ళ క్రితమే హత్యకు గురయ్యాడని అప్పుడు తెలిసింది.

దేశమంతా విన్న గొంతు నేరాన్ని రుజువు చేయలేదని ఇక్కడ మనం గమనించాలి. అది వెతకవలసిన ఒక దారిని మాత్రమే చూపించింది. రుజువు చేసింది ఓపికగా జరిగిన పరిశీలన. ప్రజల మాటకు ఉన్న విలువ అంతవరకే. అంతవరకు దాని విలువ చాలా గొప్పది. అంతకు మించితే ప్రమాదం.

ఆ ప్రమాదం ఎటువంటిదో నెల తిరిగేసరికే కనిపించింది. 1963 మే 1న సైతామా రాష్ట్రంలోని సయామాలో ఒక విద్యార్థినిని ఎత్తుకుపోయారు. 2 లక్షల యెన్‌లు అడిగారు. సొమ్ము కోసం వచ్చినవాడు 40 మంది పోలీసులు చుట్టూ కాపువేసి ఉండగానే చీకట్లో పారిపోయాడు. మే 4న ఆ బాలిక శవం దొరికింది. టోక్యోలో ఒకసారి, సయామాలో ఒకసారి దొంగ చేతిలోకి వచ్చి జారిపోయాడు. దేశమంతా పోలీసులను నిలదీసింది. ఎవరినో ఒకరిని పట్టుకు తీరవలసిన స్థితి ఏర్పడింది.

అప్పుడు పోలీసుల చూపు ఎటు తిరిగింది? బురాకు వాడల వైపు. బురాకులంటే జపాన్‌లో తోలు పనీ, పశువుల కోత పనీ చేసినందుకు తరతరాలుగా వెలివేయబడినవారి సంతతి. మన పాఠకులకు ఇంతకన్నా వివరించనక్కరలేదు. ఊరికి దూరంగా వాడ ఎందుకుంటుందో, ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె సోదా చేస్తారో మనం ఎరుగుదుము. మే 23న ఇషికావా కజువో అనే 24 ఏళ్ళ బురాకు యువకుణ్ణి వేరే చిన్న నేరం పేరు మీద అరెస్టు చేశారు. నెల రోజుల నిర్బంధం తరువాత అతను నేరం ఒప్పుకున్నాడు. విడుదల సొమ్ము కోరుతూ వచ్చిన లేఖను అతనే రాశాడన్నారు. పేదరికం వల్ల బడి చదువు సరిగా అందక, అక్షరాలు కూడబలుక్కునే మనిషి అతను. రెండుసార్లు ఇల్లు సోదా చేసినప్పుడు కనిపించని కలం మూడోసారి గుమ్మం పైన దొరికింది. 1964లో మరణశిక్ష పడింది. ఒప్పుకోలు తన చేత బలవంతంగా చెప్పించినదని పై కోర్టులో అతను చెప్పాడు. 1974లో టోక్యో హైకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చింది. చదవడం, రాయడం అతను జైలులోనే నేర్చుకున్నాడు. 1994లో షరతుల మీద విడుదలై, తాను నిర్దోషినని చెబుతూ పునర్విచారణ కోసం పోరాడుతూనే, శిక్ష రద్దు కాకుండానే 2025 మార్చిలో 86వ ఏట మరణించాడు.

ఈ రెండు కేసుల్లోనూ సమాజం కళ్ళు తెరిచే చూసింది. మొదటి దానిలో ఒక మనిషిని ఎరిగినవాళ్ళు మాట్లాడారు. రెండో దానిలో ఒక కులం మీద ఉన్న అనుమానం మాట్లాడింది. మొదటిది మనిషి నుండి పేరుకు వెళ్ళింది. రెండోది వాడ నుండి మనిషికి వెళ్ళింది.

ఇది ఒక్క జపాన్ దోషం కాదు. మన దేశంలో 1871లో బ్రిటిషువాళ్ళు చేసిన నేరస్థ తెగల చట్టం పుట్టుకను బట్టే మనిషిని దొంగల జాబితాలో వేసింది. ఆ చట్టం నీడనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసి, ఎరుకల కుటుంబాలను అక్కడ కాపలా కింద ఉంచారు. 1952లో ఆ చట్టం రద్దయింది. కాగితం మీది జాబితా చెరిగింది గాని జనం మనస్సులోని జాబితా చెరగలేదు. టెలివిజన్‌లో వచ్చే విజ్ఞప్తి ఏదీ అచ్చుకాని తెల్ల కాగితం లాంటి మనస్సుల మీద పడదు. ఇటువంటి జాబితాలు ముందే రాసి ఉన్న మనస్సుల మీద పడుతుంది. చెప్పమని కోరే ప్రభుత్వం ఈ సంగతి మరచిపోతే, అది దొంగను వెతకడం మాని, ఎప్పటినుండో సిద్ధంగా ఉన్న ముద్దాయిని తెచ్చుకుంటుంది.

అందరినీ అనుమానిస్తే అసలు దొంగ కూడా దొరుకుతాడు కదా అని కొందరు వాదించవచ్చు. ఈ లెక్క నిలవదు. 1977 సెప్టెంబరు 5న కొలోన్ నగరంలో పశ్చిమ జర్మనీ యజమానుల సంఘం అధ్యక్షుడు హాన్స్ మార్టిన్ శ్లాయర్‌ను రెడ్ ఆర్మీ ఫ్రాక్షన్‌వాళ్ళు ఎత్తుకుపోయారు. అతను నాజీ కాలంలో ఎస్.ఎస్. అధికారి. అయినా అతని కారు నడిపే కార్మికునితో సహా నలుగురిని కాల్చి చంపి ఒకణ్ణి ఎత్తుకుపోవడాన్ని వర్గపోరాటం అనలేము. దేశమంతటా గాలింపు జరిగింది, విజ్ఞప్తులు వెలువడ్డాయి, ఆచూకీలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఎర్ఫ్‌ట్‌స్టాట్ అనే చిన్న పట్టణంలో ఒక స్థానిక పోలీసు ఉద్యోగి, ఒక బహుళ అంతస్తుల భవనంలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ముందస్తు సొమ్మును రొక్కంగా చెల్లించారని విచారించి తెలుసుకుని, రెండు మూడు రోజుల్లోనే పైకి రాసి పంపాడు. శ్లాయర్ అప్పుడు ఉన్నది సరిగా ఆ ఇంట్లోనే. ఆ కబురు కాగితాల కట్టల్లో ఎక్కడో తప్పిపోయింది. అక్టోబరు 19న ఫ్రాన్సులోని ముల్హౌస్‌లో శవం దొరికింది. ఆ ఒక్క మాట కంటితో చూసి, నోటితో అడిగి తెలుసుకున్న మాట. అనుమానాల రాశి పెరిగినకొద్దీ ఇటువంటి సాక్ష్యం దాని కింద పూడిపోతుంది. కనుక అనుమానం నిరపరాధికి చేసే కీడు ఒక్కటే కాదు, ఎత్తుకుపోబడినవానికి కూడా అది కీడే.

ఇక మన కాలానికి వద్దాం. నేడు విజ్ఞప్తి చేయడానికి ప్రభుత్వమే అక్కరలేదు. 2016లో కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ ఒక ప్రజాహిత ప్రకటనను చిత్రించింది. మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న బిడ్డను ఎత్తుకుపోతారు. మరుక్షణమే తిరిగి వచ్చి బిడ్డను దింపి, ఎత్తుకుపోవడం ఎంత తేలికో చూడండి, జాగ్రత్తపడండి అనే అట్టను చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. మిగిలిన ముక్క వాట్సాప్‌లో మన దేశమంతటా పాకింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు దానికి తోడయింది. 2018 మే నెలలో హైదరాబాదు పాతబస్తీలో, పాలమూరు వైపు నుండి భిక్షాటనకు వచ్చిన ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో, బిచ్చమెత్తుకుంటూ వచ్చిన సంచారజాతి మనుషులు ఐదుగురిని పంచాయతీ ఆఫీసులోనే కొట్టి చంపారు.

బిడ్డలను కాపాడడానికి తీసిన చిత్రం మనుషులను చంపించింది. చంపబడినవాళ్ళెవరు? ఊరూరా తిరిగేవాళ్ళు, స్థిరమైన చిరునామా లేనివాళ్ళు, పై జాబితాలో ముందే ఉన్నవాళ్ళు. ఇక్కడ పోలీసుకు చెప్పడం కూడా లేదు. చూసినవాడే తీర్పరి, తీర్పరే తలారి. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా కట్టడి చేసింది. యంత్రానికి కళ్ళెం వేయడం మంచిదే. కాని అనుమానం యంత్రంలో పుట్టలేదు. జోగులాంబ గద్వాల జిల్లాలో ఆనాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి పల్లెలకు కళాకారులను పంపి, డప్పు కొట్టించి, ఆ వీడియోలు అబద్ధమని పాటలు కట్టించి చెప్పించారు. ఇది తెలివైన పని. అందరికీ తెలిసిన మనిషి ఎదుట నిలబడి, తన మాటకు తాను పూచీ ఉండి చెప్పిన మాట గనుక జనం దాన్ని వింటారు.

పూచీ. సాక్ష్యానికీ, అనుమానానికీ మధ్య గీత ఇక్కడ ఉన్నది. సాక్షి తాను చూసినదానికి, విన్నదానికి పూచీ పడతాడు. అనుమానించేవాడు దేనికీ పూచీ పడడు. తప్పయితే నాకేం, చెప్పాను, చూసుకోండి అంటాడు. కనుక ఒక పేరు చెప్పబోయే ముందు ప్రతి పౌరుడూ తన్ను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నేను చూసినదా, అనుకున్నదా? ఈ మనిషి నా వీధివాడో, నా కులంవాడో అయితే ఇంత గుర్తుకే నేను చెప్పి ఉండేవాణ్ణా? రేపు కోర్టులో అతని ఎదుట నిలబడి ఇదే మాట అనగలనా? మూడింటికీ సరైన జవాబు ఉంటే ఆలస్యం చేయకుండా చెప్పాలి. భయపడి ఊరుకోవడం అన్యాయం. జవాబు లేకపోతే నోరు మూసుకోవడమే ధర్మం.

అయితే భారమంతా పౌరుని మీద మోపి ప్రభుత్వాన్ని వదిలివేయలేము. ముఖాన్ని చూపించే ప్రభుత్వం తాను కూడా పూచీ పడాలి. చూపిన ముఖం నిరపరాధిదని తేలితే, ఎంత గట్టిగా చూపిందో అంత గట్టిగా, అదే తెర మీద ఆ మాట చెప్పాలి. సాక్షికి రక్షణ ఇవ్వాలి. నిర్బంధంలో రాబట్టిన ఒప్పుకోలును సాక్ష్యంగా చెల్లించకూడదు. పేదవాని బిడ్డ పోయినప్పుడు కూడా ధనికుని బిడ్డ కోసం వెతికినంత శ్రద్ధగా వెతకాలి. ఇవి అడగకుండా కేవలం పోలీసుకు సహకరించకండి అనడం బాధ్యత నుండి తప్పించుకోవడమే.

ఈ పని బడిలో మొదలుకావాలి. తాను చూసినదాన్ని, తాను ఊహించినదాన్ని వేరు చేసి చెప్పడం పిల్లవానికి నేర్పడం ఉపాధ్యాయుడు చేయగల రాజకీయ కార్యాలలో చిన్నదేమీ కాదు. అది నేర్చినవాడు రేపు ఎవరి బిడ్డ కనబడకపోయినా కళ్ళు తెరిచి చూస్తాడు. అదే మనిషి, ఊళ్ళోకి వచ్చిన ఏ బిచ్చగాణ్ణి గుంపు చుట్టుముట్టినా, అడ్డం నిలబడతాడు.